నెమ్మదిగా తిట్టు అత్తా, రాసుకోవాలి

నవాసా దీవిలో పడవ నిచ్చెన ఎక్కడంలో నన్ను మించినవాడు పుట్టలేదు. కుడిచంకలో పందిపిల్ల, ఎడమచేతిలో చేమదుంపల గంప, పళ్ళ మధ్య టిక్కెట్టు పెట్టుకుని, అలల మీద ఊగే ఆ తాళ్ళ నిచ్చెనని మూడంగల్లో ఎక్కేసేవాణ్ణి. మరి నిచ్చెన దేంతో పట్టుకున్నావని అడక్కండి. అలా అడిగేవాళ్ళెవరూ ఆ రోజు అక్కడ లేరు. ఆ నిచ్చెన సంగతి తెలిసినవాడు చెబితేనే ఈ కథకి విలువ కనక ఈ ముక్క ముందే చెప్పాను. ఇంకోటి, ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు.

కథ నాది కాదు, అకనీసిది.

అకనీసికి అరవై ఒకటి. ఆమె అల్లిన చాప మీద నీళ్ళు పోస్తే కిందికి దిగడానికి దారి దొరక్క తెల్లారేదాకా అక్కడే కూర్చునేవి. అలాంటి మనిషికి చక్కెర జబ్బొచ్చి ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. రెండేళ్ళయింది. కాలు పోయినందుకు ఆమె పెద్దగా ఏడవలేదు. కొండవాలు మీదున్న తన మొగలితోటకి వెళ్ళలేకపోయినందుకు మాత్రం రోజూ ఏడ్చేది. ఏడుపంటే కన్నీళ్ళు కాదు, తిట్లు.

"ఇది ఆకా, మీ మామ గడ్డమా?" అని కోడళ్ళు కోసుకొచ్చిన మోపుని వాకిట్లోకి విసిరేసేది. "ఆకుని చెట్టు మీదుండగానే గోటితో మీటి చూడాలే. అది పలుకుతుంది. మీకు వినపడదు. మీ చెవులు వంటింట్లో ఉంటాయి."

ఆకు తనే మీటాలి, తనే కోయాలి. దానికి కొండ ఎక్కాలి. కొండెక్కడానికి కాలు కావాలి. ఆ కాలు పట్నం ఆసుపత్రిలో చేస్తారు. కొలతలు తీసుకోవడానికి రమ్మని ఉత్తరం కూడా వచ్చింది. ఒకటి కాదు, మూడు.

మూడో ఉత్తరం చదివింది ఆమె చెల్లెలి కూతురు వసితి. ఊళ్ళో నర్సు ఆ పిల్లే.

"పెద్దమ్మా, ఇంక పది వారాలుంది. ఈసారి కూడా వెళ్ళకపోతే నీ పేరు జాబితా అడుక్కి పోతుందట. మళ్ళీ పిలుపొచ్చేసరికి రెండేళ్ళు పడుతుంది. వెళ్తావా?"

అకనీసి కనుబొమ్మలు ఎగరేసింది. మా దీవుల్లో కనుబొమ్మలు ఎగరేస్తే సరేనని అర్థం. అకనీసి ఎగరేస్తే మాత్రం ఇంక నోరుముయ్యమని అర్థం.

"మొన్న రెండుసార్లూ ఒంట్లో బాగోలేదన్నావు," అంది వసితి. "నీ ఒంటి సంగతి నాకంటే ఎవరికి తెలుసు? అసలు సంగతేంటి?"

"అసలు సంగతి నీకూ తెలుసు. కూర్చుని దుంప తిను."

అసలు సంగతి పడవ. మా దీవికి రేవు లేదు. పగడపు దిబ్బ దాటి లోపలికి రాలేక సర్కారు పడవ అవతలే నిలబడుతుంది. మేమే చిన్న లాంచీలో అక్కడిదాకా వెళ్ళి, దాని పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన ఎక్కాలి. ఎక్కలేనివాళ్ళని సరుకుల వలలో కూర్చోబెట్టి క్రేనుతో లాగేస్తారు. బియ్యం బస్తాలు, రేకులు, పందులు, మనుషులు, అందరికీ అదే వల. అకనీసిని కాలు కుళ్ళినప్పుడు అలాగే ఎత్తారు, కాలు తీశాక అలాగే దించారు. వెళ్ళేటప్పుడు స్పృహ లేదు కనక సిగ్గు లేదు. వచ్చేటప్పుడు స్పృహ ఉంది. నడుముకి చుట్టుకున్న సులుగుడ్డ మోకాళ్ళ పైకి పాకుతుంటే, ఒడ్డున ఊరంతా నిలబడి చూస్తుంటే, రెండు కిరోసిన్ డబ్బాల మధ్య గాల్లో గిరగిరా తిరుగుతూ దిగింది. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, ఇంకెప్పుడూ ఆ వల ఎక్కనని.

మరి ఈ మాట పడవల ఆఫీసుకి ఎవరన్నా చెప్పారా? చెప్పలేదు. ఏటా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చేవాడు, ఈ మాటలు అడగడానికే. మా దగ్గర మర్యాదకి ఇచ్చే యంగోనా మొక్క వేళ్ళ కట్ట పట్టుకుని, సభాఇంట్లో మోకాళ్ళ మీద కూర్చుని, మా ఊరిపెద్ద రతూ ఎపెలి ముందు ఆ కట్ట పెట్టి పద్ధతిగా అడిగేవాడు, పడవ ఎలా ఉందని. రతూ ఎపెలి గొంతు సవరించుకుని, "బాగుంది. వినాకా," అనేవాడు. వినాకా అంటే మా భాషలో ధన్యవాదం. మేమందరం చప్పట్లు చరిచేవాళ్ళం. మరేం చేస్తాం? వేళ్ళ కట్ట తెచ్చి, తలవంచి కూర్చున్న అతిథితో నీ పడవ బాగోలేదని ఎవడంటాడు? మనింట్లో అన్నం తింటున్నవాడితో మీ అమ్మకి వంట రాదన్నట్టుంటుంది. అందుకని ఆఫీసు కాగితాల్లో నాలుగేళ్ళపాటు ఒకటే మాట: నవాసా, ఫిర్యాదులు లేవు.

అయిదో ఏడు, ఆ మూడో ఉత్తరం వచ్చిన వారంలోనే, ఇలైతియా వచ్చాడు.

మంగళవారం పడవ దిగాడు. శుక్రవారం అదే పడవ పై దీవుల నుంచి తిరిగొచ్చినప్పుడు ఎక్కి వెళ్ళాలి. నలభై అయిదేళ్ళుంటాయి. ముందుకొచ్చిన పొట్ట, కళ్ళజోడు, ఆఫీసు టోపీ. పెద్ద అధికారేం కాదు, టిక్కెట్ల గుమాస్తా. సభాఇంట్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు, కట్ట పెట్టాడు, అడగాల్సింది అడిగాడు. రతూ ఎపెలి, "బాగుంది. వినాకా," అన్నాడు. చప్పట్లు చరిచాం. యంగోనా వేళ్ళు దంచి నీళ్ళలో కలిపి, తాగడానికి చిప్పలు తిప్పాం. గోడవారన చాప మీద కూర్చున్న అకనీసి, ఇంక ఇంటికి పోదామని చేతికర్ర దగ్గరకి లాక్కుంది.

అప్పుడు ఇలైతియా చిప్ప కింద పెట్టి, మీసం తుడుచుకుని, తీరిగ్గా అన్నాడు: "చెప్పడం మర్చిపోయాను. మాది వతుసోసో."

మరుక్షణంలో అతని టోపీ అతని ఒళ్ళో లేదు.

వతుసోసోకీ మాకూ తౌవూ వరస. ఎప్పుడో వెనకటి కాలంలో వాళ్ళ దేవతా మా దేవతా అక్కచెల్లెళ్ళట. ఒకావిడ ఇంకొకావిడ కొబ్బరికాయలు దొంగిలించిందట. దొంగ వాళ్ళ దేవతేనని మాకు బాగా తెలుసు. అప్పట్నుంచి రెండూళ్ళకీ బావామరదుల వరస లాంటిది, కాకపోతే ఇద్దరి మధ్య కాదు, ఊళ్ళకి ఊళ్ళే. నోటికొచ్చినట్టు తిట్టుకోవచ్చు. టోపీ లాక్కోవచ్చు. నెత్తిన నీళ్ళు పొయ్యొచ్చు. తౌవూ ఏదడిగినా కాదనకూడదు. కోపం మాత్రం రాకూడదు. కోపమొచ్చినవాడు ఓడినట్టు.

చిన్న చెంబుతో నీళ్ళు అతని వీపు మీద పడ్డాయి. ఆ తరవాత మాటలు పడ్డాయి.

"అందుకేరా మీ పడవ మీ తాతల్లాగే ఉంది," అంది ఒక ముసలామె. "దూరంగా నిలబడి అరుస్తుంది. ఒడ్డుకొచ్చే దమ్ము లేదు."

"ఆ నిచ్చెన మెట్లు కట్టినవాడు కొంగకి పుట్టుంటాడు," అన్నాడు ఇంకొకడు. "ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య పిల్లకాయ నిద్రపోవచ్చు."

"పడవ ఎప్పుడొస్తుందో రేడియోలో చెప్తారట. మీ రేడియో చెప్పేసరికి పడవ పొగ కూడా కనపడదు. వతుసోసో వాళ్ళకి నిన్నటికీ రేపటికీ తేడా తెలుసా?"

"ఆ మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెమేదిరా? ఎవరన్నా తీసేస్తారేమోనని లోపల కూర్చున్నంతసేపూ గట్టిగా పాడుతూనే ఉండాలి. మొన్న పట్నం చేరేసరికి చర్చి పాటల పుస్తకం మొత్తం అయిపోయింది నాకు."

సభాఇల్లు కూలేలా నవ్వారు. ఇలైతియా కూడా నవ్వాడు. నవ్వుతూనే సంచీలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. అకనీసి చేతికర్ర మళ్ళీ కింద పెట్టింది.

"ఏం రాస్తున్నావు తౌవూ?" అంది.

"తిట్లు."

"ఎందుకు? మీ ఊళ్ళో తిట్లు అయిపోయాయా?"

"మీ అంత బాగా తిట్టేవాళ్ళు లేరు. నువ్వింకా నోరు తెరవలేదు. నీ వంతు."

అకనీసికి రెండేళ్ళుగా గొంతులో ఒక మాట ఇరుక్కుని ఉంది. వసితికి చెప్పలేదు. రతూకి చెప్పలేదు. ఇన్నాళ్ళకి ఆ మాట చెప్పినా తప్పులేని మనిషి ఎదురుగా తడిసిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు.

"వతుసోసో వాళ్ళు పందినీ మనిషినీ ఒకే వలలో ఎత్తుతారు," అంది. "పాపం వాళ్ళ తప్పు కాదు. ఇంట్లో పుట్టినప్పట్నుంచీ రెంటినీ పక్కపక్కనే చూస్తారు, పోలికలు కూడా ఒకటే, ఏది ఏదో వాళ్ళకెలా తెలుస్తుంది? ఆడమనిషిని గాల్లో వేలాడదీసి సులు ఎగిరిపోతుంటే, ఆహా మా మేనత్త ఎంత ఎత్తెక్కిందో అని చప్పట్లు కొట్టే జాతి మీది. ఆ వల కళ్ళు ఒంటికి దిగబడితే రెండువారాలపాటు వీపు మీద జాలరి చేపలు లెక్కపెట్టుకోవచ్చు. నేను కాలు తెచ్చుకోవాలంటే మీ వలలో పడాలట. నా కాలు తిన్నది చక్కెర జబ్బు కాదురా. మీ పడవ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియక అందరూ రతూ ఎపెలి వైపు చూశారు. ఆయన యంగోనా గిన్నెలోకి చూస్తున్నాడు.

ఇలైతియా పెన్ను ఝాడించాడు. "నెమ్మదిగా తిట్టు అత్తా, రాసుకోవాలి. జాలరి దాకా వచ్చింది. ఆ తరవాతేంటి?"

అకనీసి మళ్ళీ చెప్పింది. నెమ్మదిగా, ఒక్కో మాటా. అతను ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు. సాయంత్రానికి లెక్క చూస్తే నలభై ఒక్క తిట్లు. పెద్ద ఊళ్ళో ఓట్ల సభలో కూడా అంతమంది నోరు తెరవరు.

లేచేముందు అకనీసి అంది: "తౌవూ, నాకొకటి కావాలి."

"టోపీ ఆల్రెడీ పోయింది. చొక్కానా?"

"నీ కాలు. శుక్రవారం ఒక్కపూట అరువియ్యి. ఎడమది కట్టేసుకుని, నేను ఎక్కినట్టు పడవెక్కు."

తౌవూ అడిగింది కాదనకూడదు. ఇలైతియా కనుబొమ్మలు ఎగరేశాడు.

గురువారం మధ్యాహ్నం అతనే అకనీసి ఇంటికొచ్చాడు. కొబ్బరిపాలలో ఉడికిన చేప, దుంపా పెట్టింది. గడపలో కూర్చుని తిన్నాడు.

"నిన్ను ఎవరు పంపారు?" అంది అకనీసి. "ఇన్నేళ్ళూ పెద్ద పెద్ద వాళ్ళొచ్చారు. ఇప్పుడు గుమాస్తా వచ్చాడేంటని చూస్తున్నాను."

"ఎవరూ పంపలేదు. నేనే అడిగాను. టిక్కెట్లు కొట్టేది నేనే కదా. నాలుగేళ్ళ పుస్తకాలు తిరగేశాను. నువ్వు తప్ప నవాసా నుంచి యాభై దాటిన మనిషి ఒక్కరూ పడవెక్కలేదు. ఈ దీవిలో మనుషులు ముసలివాళ్ళవరా, నీళ్ళలో ఏమన్నా ఉందా అనుకున్నాను. ఇదిగో, నింపుకుపోదామని ఖాళీ సీసా కూడా తెచ్చుకున్నాను."

అకనీసికి నవ్వాగలేదు. ఆగాక అడిగింది: "అయితే మీ ఊరి పేరు చివర్లో చెప్పడం మరుపు కాదన్నమాట."

"ముందే చెబితే రతూ గారి ముందు పద్ధతి చెడుతుంది. పద్ధతి అయ్యాక చెబితే నిజం బయటికొస్తుంది. ఆఫీసులో వాళ్ళకి చెప్పాను, నవాసా వాళ్ళు మర్యాదస్తులు, అడిగితే చెప్పరు, వాళ్ళకి తిట్టే హక్కున్నవాణ్ణి పంపాలని. ఎవరికీ అర్థం కాలేదు. పొయ్యి రమ్మన్నారు."

అకనీసి ఇంకో చేపముక్క వేసింది.

"సరే, ఆ వల కాకపోతే మరేం ఉండాలి?" అన్నాడు అతను. "ఇంజనీరుని అడిగితే ఆయనకి తోచింది చేస్తాడు. ఎక్కేది నువ్వు కదా. నువ్వు చెప్పు."

మాటల్లో చెప్పడం అకనీసికి చేతకాలేదు. చేతుల్తో చెప్పింది. పక్కనున్న మొగలి ఆకు చీల్చి అల్లడం మొదలెట్టింది. చేమదుంపల గంపలా గుండ్రటి అడుగు, ఆనుకోవడానికి ఎత్తైన వీపు, పట్టుకోవడానికి రెండు పక్కలా అంచు, సులు ఎగరకుండా ముందువైపు మోకాళ్ళ దాకా దడి, లాంచీలోంచి జరుక్కుంటూ ఎక్కడానికి ఒకపక్క తెరుచుకునే తలుపు. అరచేతిలో పట్టేంత బొమ్మ. ఇలైతియా దాన్ని అటూ ఇటూ తిప్పి, తలుపు రెండుసార్లు తీసి, వేసి, చొక్కాలోపల గుండె దగ్గర పెట్టుకున్నాడు.

శుక్రవారం పడవొచ్చిందని లాలి అనే మా చెక్కడోలు మోగింది. పడవ దిబ్బ అవతల నిలబడింది. అకనీసి తన చేతుల్తో ఇలైతియా ఎడమకాలు మడిచి పాత సులుగుడ్డతో బిగించి కట్టింది. లాంచీలో ఆమె, వసితి కూడా వెళ్ళారు చూడ్డానికి. ఊరంతా ఒడ్డునే ఉంది.

అతను నిచ్చెన పట్టుకుని ఒంటికాలి మీద ఒక మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు అందేలోపు అలొచ్చింది. బుడుంగుమని సముద్రంలో పడ్డాడు. లాగి లాంచీలో వేశారు. కళ్ళజోడు వసితి పట్టుకుంది. రెండోసారి మూడు మెట్లు ఎక్కి మళ్ళీ పడ్డాడు. మూడోసారి కెప్టెన్ పైనించి, "చాలయ్యా బాబూ, వల దించండి," అన్నాడు. వలలో అప్పటికే చేమ బస్తాలున్నాయి, కాళ్ళు కట్టేసిన పందొకటి ఉంది. వాటి మధ్య ఇలైతియా. క్రేను లేచింది. పంది అరుస్తోంది, ఇలైతియా తిరుగుతున్నాడు, పంది మూతి అతని చెవిలో ఏదో చెబుతోంది. ఒడ్డున నవ్వులకి కొబ్బరిచెట్ల మీద గబ్బిలాలు లేచి ఎగిరిపోయాయి.

అంత ఎత్తునుంచి అతను కేకేశాడు: "అత్తా, వల కళ్ళ గురించి నువ్వు చెప్పింది తక్కువే. చేతులు ఖాళీ లేవు, ఎవరన్నా గుర్తుపెట్టుకోండి."

అకనీసి నవ్వలేదు. ఆఫీసు మనిషొకడు తన ఊరివాళ్ళ ఎదుటా తన పడవవాళ్ళ ఎదుటా అలా వేలాడ్డం ఆమె జన్మలో చూడలేదు. అతని చేతులు రెండూ తల కాచుకోవట్లేదు. చొక్కాలో ఉన్న బొమ్మని కాస్తున్నాయి.

ఆ తరవాత జరిగింది కెప్టెన్ చెప్పగా విన్నాం. పట్నంలో ఆఫీసు సమావేశంలో ఇలైతియా నలభై ఒక్క తిట్లూ నిలబడి చదివాడట. తొమ్మిదో తిట్టు దగ్గర ఒకాయన, "ఇవి ఫిర్యాదులు కావు, బూతులు," అన్నాడట. ఆఫీసు పెద్ద ఒకావిడ. ఆవిడ మాత్రం, "నాలుగేళ్ళుగా మనకొచ్చిన మంచి మాటల్లో ఒక్కటన్నా ఇంత వివరంగా ఉందా? చదవండి," అందట. చివర్లో ఇలైతియా మొగలి బొమ్మని బల్ల మీద పెట్టాడట. ఇంజనీరు దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ బుల్లి తలుపు తీసి, వేసి, తీసి, వేసి, "ఇది అల్లినావిడ పేరు గంప నక్షా మీద రాయాలి," అన్నాడట. రాశారు కూడా. మా వసితి చూసింది.

మాటలు అక్కడలా ఉన్నా, ఇక్కడ అకనీసికి వారాలు గడుస్తున్నాయి. మొదటి పడవొచ్చింది. ఏమీ లేదు. రెండో పడవకి మరుగుదొడ్డికి గొళ్ళెం వచ్చింది. మా వాళ్ళు టిక్కెట్టు లేకుండానే ఎక్కి, గొళ్ళెం వేసి తీసి దిగొచ్చారు. మూడో పడవకి రేడియోలో ముందురోజు సాయంత్రమే చెప్పారు. అకనీసి ఏదీ అడగలేదు. చాపల్లుతూ కూర్చుంది. ఆ నెలలో అల్లిన చాపకి ఒక మూల అల్లిక బిగువు తప్పింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అది చూశారు. ఒక్కరూ పైకి అనలేదు.

నాలుగో పడవే చివరిది. అది తప్పితే కొలతల రోజు తప్పినట్టే. ఆ పడవ పక్కన, ఎండకి మెరుస్తూ, ఇనపగంప వేలాడుతోంది. గుండ్రటి అడుగు, ఎత్తైన వీపు, మోకాళ్ళ దాకా దడి, పక్క తలుపు. దాని పక్కనే ఇలైతియా, కొత్త టోపీతో.

వసితి పెట్టె సర్దింది. అకనీసి మంచి సులు కట్టుకుంది. కొత్త వస్తువు మొదటిసారి కనక పద్ధతి ప్రకారం రతూ ఎపెలి కూడా లాంచీలో వచ్చి కూర్చున్నాడు. గంప దిగి లాంచీ అంచుకి ఆనింది. తలుపు తెరుచుకుంది. అకనీసి అంచుదాకా జరిగింది. పైకి చూసింది. కిందికి చూసింది. ఆగిపోయింది.

"ఎక్కు పెద్దమ్మా," అంది వసితి.

"ఎక్కను."

"మళ్ళీ ఏమొచ్చింది?"

అకనీసి గొంతు తగ్గించింది. "కళ్ళు లేవే నీకు? రతూ గారు కింద కూర్చునున్నారు. నేను ఆయన తల మీంచి పైకి పోవాలా? అదీ మిగిలిన ఒక్క కాలూ ఆయన నెత్తి మీద ఊపుకుంటూ?"

అప్పుడు తెలిసింది అందరికీ. గంప వెడల్పు కొలిచారు, లోతు కొలిచారు, అకనీసి కొలిచింది, ఇంజనీరు కొలిచాడు. ఊరిపెద్ద తల ఎంతెత్తునుంటుందో మాత్రం ఎవరూ కొలవలేదు. కూర్చున్న పెద్దమనిషి ముందునుంచి పోవాలంటేనే నడుం వంచి, తులోవ్, తులోవ్ అని క్షమాపణ చెప్పుకుంటూ పోతాం. వలలో దిగిన రోజు ఆయన ఒడ్డున దూరంగా ఉన్నాడు కనక సరిపోయింది. వతుసోసోవాడికి ఎలాగూ మర్యాద లేదు. ఇప్పుడెలా?

పైన ఇలైతియా మొహం పాలిపోయింది. కెప్టెన్ గడియారం చూసుకున్నాడు. అలలు లాంచీని పడవకేసి కొడుతున్నాయి. రతూ ఎపెలిని దిగమని చెప్పేవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

రతూ ఎపెలి గొంతు సవరించుకున్నాడు. 'బాగుంది, వినాకా' అంటాడనుకున్నాం.

"నా మనవడికి మూడేళ్ళు," అన్నాడు. "పట్నంలో ఉంటాడు. నేను వాణ్ణి చూళ్ళేదు. పట్నం నాకు పడదని చెబుతూ వచ్చాను. పట్నంతో నాకేం గొడవ లేదు. ఆ నిచ్చెనంటేనే భయం." గంప అంచు మీద చెయ్యి వేశాడు. "అయిదేళ్ళు ఆ ఆఫీసువాళ్ళకి బాగుందని చెప్పాను. మీ అందరి నోళ్ళూ నేనే మూశాను. జరుగమ్మా అకనీసీ. ముందు నేనెక్కుతాను. నేను పైనుంటే నువ్వు ఎంత ఎత్తుకొచ్చినా నా కిందే."

రతూ ఎపెలి నూటపాతిక కిలోలకి తగ్గడు. గంపలో సరిగ్గా పట్టాడు. తలుపేశారు. క్రేను మూలిగింది. ఆయన రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మెల్లగా, నిటారుగా, చర్చిలో కూర్చున్నట్టే పైకి వెళ్ళాడు. పడవ మీద అడుగు పెట్టాక కళ్ళు తెరిచాడు. అక్కణ్ణుంచి మా దీవినీ కొండనీ చాలాసేపు చూశాడు. టిక్కెట్టు లేదు, పెట్టె లేదు, అలాగే పట్నం వెళ్ళిపోయాడు మనవణ్ణి చూడ్డానికి.

రెండోది అకనీసి. జరుక్కుంటూ ఎక్కింది, తలుపు తనే వేసుకుంది. సులు ఎగరలేదు. పైకి వెళ్తున్నంతసేపూ అలవాటు చొప్పున లాంచీలో ఉన్న మాకందరికీ, "తులోవ్, తులోవ్," అంటూనే ఉంది. పైన ఇలైతియా తలుపు తీశాడు.

"ఎలా ఉంది అత్తా? ఫిర్యాదులేమన్నా?"

"వీపు రెండంగుళాలు వంగాలి," అంది అకనీసి. "రాసుకో."

రాసుకున్నాడు.

మూడోది ఎవరనుకున్నారు? నేనే. మూడంగల్లో ఎక్కేవాణ్ణని మొదట్లో అన్నానే, అది నిజమే. ముప్పై ఏళ్ళ కిందటి మాట. పందిపిల్ల లేదు, గంప లేదు, వెనకనుంచి ఇద్దరు తోశారు, ముందునుంచి ఒకడు లాగాడు. ఆరేళ్ళుగా ఆ నిచ్చెన జోలికి పోలేదు. అడిగినవాళ్ళకి మోకాలు నొప్పనేవాణ్ణి. ఇలైతియా పుస్తకంలో యాభై దాటి పడవెక్కనివాళ్ళ లెక్కలో నేనూ ఉన్నాను. గంపలో కూర్చుంటే, పట్నం ఏం పనిమీదని అడిగింది వసితి. ఏ పనీ లేదు. కూర్చోవడానికే వచ్చాను.

ఇప్పుడు ఆ గంపలో కడుపుతో ఉన్నవాళ్ళు ఎక్కుతారు, చంటిపిల్లల తల్లులు ఎక్కుతారు, తాగొచ్చిన కుర్రాళ్ళు కూడా ఎక్కుతారు. నిచ్చెన మీద నాచు పట్టింది.

అకనీసి ఏడువారాలకి తిరిగొచ్చింది. అదే గంపలో దిగింది, ఈసారి రెండు కాళ్ళతో. ఇంటికి పోలేదు. పెట్టె వసితికిచ్చి, కర్ర పట్టుకుని, తిన్నగా కొండవాలు ఎక్కింది. మధ్యమధ్యలో ఆగి కొత్తకాలిని కూడా నాలుగు తిట్టింది. మొగలితోటలో ఒక ఆకు పట్టుకుని గోటితో మీటింది. చెవి ఒగ్గి వింది. ఇంకోటి మీటింది. కింద వాకిట్లో కోడళ్ళు పని ఆపి, ఎప్పుడు తిడుతుందా అని చూస్తున్నారు. ఆమె తిట్టలేదు. కోయడం మొదలెట్టింది.

ఆ ఆకుతో అల్లిన మొదటి చాప వతుసోసో వెళ్ళింది, ఇలైతియా ఇంటికి. 'మర్యాదస్తులు కూర్చునే తీరు నేర్చుకోండి' అని కబురు కూడా పంపింది.

ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదన్నాను కదా. నిచ్చెన సంగతి ఒప్పుకున్నాను. ఇంకొక్కటుంది. ఆ శుక్రవారం వలలో పంది లేదు. చేమ బస్తాలు, ఒక ఖాళీ డ్రమ్ము, ఇలైతియా, అంతే. పందిని కథలోకి నేను ఎక్కించాను. మొన్న పట్నంలో కనపడినప్పుడు ఇలైతియాకి ఈ సంగతి చెబితే, చెవి తడుముకుని, పంది ఉన్నట్టే గుర్తు, చెవిలో ఏదో చెప్పింది కూడా, అన్నాడు.